రాత్రి ఆకాశము కూడ గ్రామపు ఉమ్మడి ఆస్తియే
(మైదుకూరు పరిసర గ్రామముల పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



చెరువు, మేతబీడు, శ్మశానము గ్రామమునకు ఉమ్మడి ఆస్తులని మీరెరుగుదురు. వాని సరసన రాత్రి ఆకాశమును కూడ చేర్చవలసినదిగా కోరుచున్నాను.

మన సీమలో వానలు తక్కువ; అది మన కష్టము. ఆ కారణముననే మబ్బులేని రాత్రులు మనకెక్కువ. అది మన భాగ్యము. మన పెద్దలు వేగుచుక్కను చూచి బండ్లు కట్టిరి. పిల్లలకోడిని, గొల్లకావడిని చూచి ప్రొద్దు తెలిసికొనిరి. నేడు వీధిదీపముల వెలుగు పైకి చిమ్ముటచే మన పిల్లలకు ఆ చుక్కలు మసకబారుచున్నవి.

లడఖ్‌లోని హాన్లే సంగతి వినుడు. అది సుమారు 4,500 మీటర్ల ఎత్తున, ఎముకలు కొరుకు చలిలో నున్న గ్రామసీమ. అచటి వేధశాలలో 2 మీటర్ల అద్దముగల దూరదర్శిని 2000లో పనిచేయనారంభించినది. 2022లో ఆ చుట్టుపట్ల 1,073 చదరపు కిలోమీటర్లను చీకటి ఆకాశ రక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. గ్రామస్థులు దీపములకు మరుగులు, కిటికీలకు దళసరి తెరలు అమర్చుకొనిరి. ప్రతిగా ఆ గ్రామముల వారికే శిక్షణ నిచ్చి, చిన్న దూరదర్శినుల నొసగిరి. నేడు వారు యాత్రికులకు నక్షత్రములు చూపి నాలుగు రూకలు సంపాదించుకొనుచున్నారు. చీకటిని కాపాడినందుకు కూలి గిట్టినదన్నమాట!

అంతదూరము పోలేనివారికి తమిళనాడులో వాణియంబాడి చేరువనున్న కావలూరు కలదు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన వైణు బప్పు పూనికతో జవ్వాది కొండలపై ఈ వేధశాల వెలసినది. 1986లో అచటి 2.34 మీటర్ల దూరదర్శినికి ఆయన పేరు పెట్టిరి. యురేనస్ గ్రహమునకు వలయములున్నవని 1977లో తేల్చిన పరిశీలనలలో కావలూరునకును పాలు కలదు. సందర్శకుల వేళలను ముందుగా విచారించి, బడిపిల్లలను అచటికి తీసికొనిపొండు. కంటికి ఆరేడు చుక్కలుగా తోచు పిల్లలకోడి, చిన్న దూరదర్శినిలో సైతము పదుల చుక్కలై కనిపించును. దానిని చూచిన పిల్లవాడు ప్రశ్న వేయక మానడు.

దీపములు ఆర్పివేయుడని నేను చెప్పుట లేదు. పాము, తేలు తిరుగు దారిలో దీప ముండవలసినదే. ఆడువారు నిర్భయముగా నడువవలసినదే. కాని ఆకాశమునకు పోవు వెలుగు ఎవరి దారిని చూపును? దాని కరెంటు ఖర్చును పంచాయతీయే భరించుచున్నది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము వీధిదీపముల బాధ్యతను మీ చేతిలోనే పెట్టినది. కనుక క్రొత్త దీపము పెట్టునపుడు దానికి పైమూత ఉండునట్లు, వెలుగు నేలపైననే పడునట్లు చూడుడు. తెల్లని తీక్ష్ణకాంతికి బదులు పసుపుచాయ దీపమును కోరుడు. రానున్న సమావేశములో ఈ విషయమును చర్చకు పెట్టుడు.

పూడిన చెరువును త్రవ్వుటకు ఏండ్లు పట్టును. మాసిన ఆకాశమును తేర్చుటకు దీపముపై ఒక రేకుమూత చాలును.