మట్టిలో కలిసే ప్లాస్టిక్కు – మదుపరి ఆశ
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్కు వస్తోందంటే నాలుగు షేర్లు కొందామని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే అమెరికాలోని మెటబాలిక్స్ కంపెనీ సంగతి మనవి చేస్తున్నాను. 1992లో పుట్టిన ఈ కంపెనీ సూక్ష్మజీవులకు మొక్కజొన్న చక్కెర మేపి, వాటి ఒంట్లో చేరిన పదార్థంతో ప్లాస్టిక్కు తీసింది. 2006లో షేరు 14 డాలర్లకు జనానికి అమ్మింది. ఏడీఎం అనే పెద్ద ధాన్య వ్యాపార సంస్థ భాగస్వామిగా చేరి, అయోవాలో ఏటా 50 వేల టన్నుల సామర్థ్యంతో ఫ్యాక్టరీ కట్టింది. చిన్న మదుపరికి ఇంతకన్న ధైర్యమేం కావాలి?

కాని ఖర్చు ఎక్కువ, గిరాకీ నెమ్మది. 2012 జనవరిలో ఏడీఎం తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. 2016లో ఆ ప్లాస్టిక్కు విద్యనే కొరియా కంపెనీకి అమ్ముకోవలసివచ్చింది.

విద్య నిజమే, సరుకూ నిజమే, లాభమే రాలేదు. కనుక ఇలాంటి షేరు కొనేముందు మూడు అడగండి: చేతిలోని నగదు ఎన్నేళ్లకు సరిపోతుంది? మామూలు ప్లాస్టిక్కు కంటే ధర ఎంత ఎక్కువ? కొంటామని రాసిచ్చినవారెవరు?

పిల్లలు పోగొట్టుకున్నా మళ్లీ సంపాదించుకోగలరు. మనకు గ్రాట్యుటీ ఒక్కసారే వస్తుంది. పోయినా ఇల్లు గడిచేంత మొత్తమే పెట్టండి.

సెలవు.