చిన్న లేతునకు తగిన టూలు

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుడు లేచి నిలుచున్నచో, క్రమశిక్షణను గూర్చియో పరీక్షా ఫలితములను గూర్చియో చెప్పునని మీరు తలంచుట సహజము. నేడు నేను ఇనుమును కోయు పనిముట్టును గూర్చి చెప్పదలచితిని. కారణము తుదకు మీకే తెలియగలదు.

మన గోండ్‌పిప్రి పరిసరములలో నేడు పంపుసెట్టు లేని మోతుబరి లేడు; ట్రాక్టరు తిరుగని బాట లేదు. అయినను పంపులో ఒక బుష్షు అరిగినచో, రైతు దానిని చేతబట్టుకొని బల్లార్‌పూర్‌కో, చంద్రపూర్‌కో బస్సెక్కవలసి వచ్చుచున్నది. బొటనవ్రేలంత ఇత్తడి ముక్కకై ఒకనాటి పని పోవును. పైరున కొకనాటి నీరు పోవును. ఊరిలోనే ఒక చిన్న లేతు, దానిని నడుపగల ఒక చేయి ఉన్నచో ఈ కష్టము తీరును.

లేతు అనగా నేమి? కుమ్మరి సారెను ప్రక్కకు పరుండబెట్టినట్లు భావింపుడు. తిరుగుచున్న వస్తువును టర్నర్లు జాబు అందురు. దానిని చెక్కు ఉక్కు ముక్కను టూలు అందురు. కుమ్మరికి వ్రేళ్లెట్టివో, టర్నరుకు టూలు అట్టిది.

మూడేండ్ల క్రిందట నేనొక పాత చిన్న లేతును కొని, యింటి వసారాలో నిలిపితిని. దానికి అర హార్స్‌పవరు మోటారు. ఎంత వేగముగా తిప్పినను నిమిషమునకు ఆరువందల చుట్లు మించదు. మన పాఠశాలలో పదవ తరగతి ముగించిన బాలుడొకడు టర్నరు శిక్షణలో చేరవలెనని యాశపడి, సాయంకాలములు నా యొద్దకు వచ్చుచుండెడివాడు. అన్నిటికంటె గట్టిది మంచిదని తలచి, నేను కార్బైడు ముక్కలతికిన టూళ్లను వెలపెట్టి తెచ్చితిని. పదిదినములలో నాలుగింటి ముక్కులు పగిలినవి. జాబు చిరిగిన చెరకు వలె గరుకుగా వచ్చుచుండెను. ఒకనాడా బాలుడు, “సారూ, నా చెయ్యే మంచిగ లేదు. ఈ పని నాకు రాదు. రేపటి సంది కూలికి పోత” అనెను. సిగ్గుతో చెప్పుచున్నాను: ఆనాడు నేనును అతని మాటను సగము నమ్మితిని.

కర్మాగారములో జీవితమంతయు పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న వృద్ధ టర్నరొకరు ఆ వారములో మా యింటికి వచ్చిరి. విరిగిన టూళ్లను చూచి నవ్వి, “సారూ, టూలు గట్టిదే కొన్నరు. దాన్ని మోసే బలం మీ మిషన్‌కు ఏది?” అనిరి. నా కళ్లు తెరచినది ఈ ఒక్క మాటయే.

గట్టిదనము వేరు, విరుగకుండు గుణము వేరు. విద్యార్థులారా! మీ బలపము గట్టిదే. క్రిందపడినచో రెండు ముక్కలగును. వేపబెత్తము బలపమంత గట్టిది కాదు. అయినను వంగును గాని విరుగదు. కార్బైడు బలపము వంటిది. యంత్రము బరువుగా, కదలకుండ, వేగముగా నడచినప్పుడే అది తన ప్రతాపమును చూపును. చిన్న లేతు వణకును. ఆ వణకునకు దాని అంచు రాలిపోవును. మరియు సాధారణ కార్బైడు ముక్కల అంచును, అది రాలకుండుటకై తయారుచేయువారే కొంచెము మొద్దుగా నుంచెదరు. అట్టి అంచు లోతుగా కోయుటకు తగినది. మన యంత్రము అర మిల్లీమీటరు లోతు తీసినచో గొప్ప. అప్పుడది కోయక రాచుకొనును.

మరి చిన్న లేతునకేది తగినది? హైస్పీడ్ స్టీలు. దీని కథ వినదగినది. పూర్వము టూళ్లన్నియు సాధారణ కార్బన్ ఉక్కుతో చేసెడివారు. ఉక్కు విషయమున మన తెలుగునేల కొత్తది కాదు. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రములో మూసలలో కరగించిన ఉక్కునకై పారసీక వర్తకులు వచ్చెడివారు. కాని కార్బన్ ఉక్కు ఎంత మేలైనదైనను, కోతలో పుట్టిన వేడి సుమారు 250 డిగ్రీలు దాటినచో మెత్తబడును. 1868లో ఇంగ్లండునందు మషెట్ అనునతడు టంగ్‌స్టన్ కలిపిన ఉక్కును చేసెను. ఆ శతాబ్దాంతమున అమెరికాలోని బెత్‌లహేమ్ ఉక్కు కర్మాగారములో టేలర్, వైట్ అను నిరువురు అట్టి ఉక్కును కరగుటకు సమీపించునంత వేడిచేసి చల్లార్చి, సుమారు 600 డిగ్రీల వేడిలోను పదును చెడకుండునట్లు చేసిరి. 1900 సంవత్సరపు పారిస్ ప్రదర్శనలో ఆ టూలి ముక్కు ఎఱ్ఱగా కాలుచునే ఇనుమును కోయుట చూచి జనులు విస్మయమొందిరి. కార్బైడును జర్మనీలో క్రుప్ సంస్థ 1920 దశకములో ‘విడియా’ అను పేర విక్రయమునకు తెచ్చెను. ‘వజ్రము వంటిది’ అని ఆ పేరునకర్థము.

ఇక లెక్క చూతము. గణితమెందుకని అడుగు విద్యార్థులు శ్రద్ధగా వినవలెను. హైస్పీడ్ స్టీలు టూలు మెత్తని ఇనుమును నిమిషమునకు సుమారు 30 మీటర్ల వేగముతో కోయును. జాబు అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు. దానిని ఏడింట ఇరువదిరెండు చేత గుణించిన చుట్టుకొలత సుమారు 78.5 మిల్లీమీటర్లు. 30,000 మిల్లీమీటర్లను దీనిచే భాగించిన సుమారు 380 చుట్లు. ఇది మా లేతునకు సులభము. కార్బైడునకు 120 మీటర్లు కోరినచో చుట్లు 1,500 దాటును. ఆరువందల చుట్ల యంత్రము అంత వేగమును ఎక్కడినుండి తెచ్చును?

మొదట కొనవలసినవి పెక్కు లేవు. 8 లేక 10 మిల్లీమీటర్ల చదరపు హైస్పీడ్ స్టీలు కడ్డీలు నాలుగు చాలును. ఒకటి పై భాగమును, ముఖమును చెక్కుటకు, ఒకటి తునుముటకు, ఒకటి రంధ్రమును పెద్దది చేయుటకు, ఒకటి మరలు కోయుటకు. మిల్లీమీటర్ల మర టూలు కోణము 60 డిగ్రీలు. అంచు క్రింది భాగము జాబునకు తగులకుండ 8 డిగ్రీల వాలు ఉండవలెను. పై వాలు లోహమునుబట్టి మారును. మెత్తని ఇనుమునకు 12 డిగ్రీల మేర. అల్యూమినియమునకు అంతకంటె చాల ఎక్కువ. ఇత్తడికి అసలు వలదు. ఇత్తడికి వాలు పెట్టినచో టూలు లోనికి దిగబడి జాబును లాగివేయును.

ఈ టూళ్లను సానచక్రముపై మనమే నూరుకొనవచ్చును. కంటి అద్దములు తప్పక ధరింపవలెను. చేతికి తొడుగులు, వ్రేలాడు చొక్కా చేతులు కూడదు. టూలు వేడెక్కినప్పుడెల్ల నీట ముంచవలెను. ఎఱ్ఱబడనిచ్చి ముంచినచో పగుళ్లు వచ్చును. తుదకు నూనెరాతిపై అంచును సన్నగా దిద్దవలెను. కార్బైడునకు ఈ సానచక్రము పనికిరాదు. దానికి పచ్చరాతి చక్రము వేరుగా కావలెను. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరము.

టూలి ముక్కు జాబు నడిమి ఎత్తునకు సరిగా నుండవలెను. యంత్రమును ఆపి, జాబునకు టూలునకు నడుమ పలుచని ఉక్కు స్కేలును మెల్లగా అదిమి చూడుడు. స్కేలు నిటారుగా నిలిచిన సరి. దాని తల మనవైపు వాలినచో టూలు క్రిందనున్నది. ఆవలికి వాలినచో పైనున్నది.

కార్బైడు పనికిమాలినదని నేననను. పోతయినుముపై గట్టి పొరను ఒలుచుటకు, గట్టిపరచిన కడ్డీని చెక్కుటకు అది కావలెను. అల్యూమినియముకై వాడిగా మెరుగుపెట్టిన కార్బైడు ముక్కలు చిన్న లేతుపైనను చక్కగా కోయును. కాని తొలి గురువు హైస్పీడ్ స్టీలే. తప్పు నూరినచో మరల నూరుకొననిచ్చును. అభ్యాసికి కావలసినది ఆ ఓర్పు గల పనిముట్టే.

వృద్ధ టర్నరుగారు చూపిన విధమున ఆ బాలుడు మొదటి టూలును తానే నూరెను. మూడు మారులు చెడెను; నాల్గవ మారు ఇనుప పొట్టు చుట్టలు చుట్టుకొని రాలెను. ఆ వారమే పొరుగు రైతు పంపునకు ఇత్తడి బుష్షు చేసి యిచ్చెను. నేడతడు టర్నరు శిక్షణలో రెండవ సంవత్సరము చదువుచున్నాడు.

ఉపాధ్యాయులారా! చేయి అదే, బాలుడతడే. మారినది టూలు మాత్రమే. ఆనాడు నేను మరి రెండు దినములు మిన్నకున్నచో, ఒక మంచి టర్నరును నా యజ్ఞానముచే కూలికి పంపియుందును. ‘వీనికి రాదు’ అని పలుకుటకు ముందు, వాని చేతికి మనమేమి యిచ్చితిమో ఒకసారి చూతము. వసారాలోని లేతు తలుపులు సాయంకాలములు తెరచియే యుండును. రాదలచిన వారందరు రావచ్చును.