పుస్తకాలకు ఎక్కని లెక్క

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగం)



పొద్దున్నుంచి పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి కిస్తీల గురించి మాట్లాడుకున్నాం. నేను ఇంకో లెక్క చెప్తాను.

మన పంచసూత్రాలు అందరికీ నోటికి వచ్చు. సమావేశం, పొదుపు, అప్పు, తిరిగి చెల్లింపు, ఐదోది పుస్తకాలు సక్కగ రాసుకోవడం. పది రూపాయలు తక్కువ పడితే ఏ వారం ఎవరిదో పుస్తకం చూసి చెప్తాం. మరి మీ అమ్మమ్మ తల్లి పేరేంది అంటే ఎంతమందిమి చెప్పగలం? నేనైతే చెప్పలేను. ఇంట్ల అందరూ ఆమెను ‘ముసలవ్వ’ అనే పిలిచేది. పేరు అడగాలన్న సోయి నాకు రాలే.

మా అమ్మ ముచ్చట చెప్తాను. ‘ఐదేండ్లాయె బిడ్డా, ఒడిబియ్యం పోస్త, వచ్చిపో’ అని మూడుసార్లు ఫోన్ చేసింది. ‘మిరపకాయ ఏరుడు అయినంక వస్తనే’ అన్నాను. అది అయినంక సంఘం పుస్తకాల ఆడిట్ అన్నాను. ఆ తర్వాత అమ్మ లేదు. దినాలకు ఫొటో పెడదామంటే ఇల్లంతా వెతికినా దొరకలే. ఆఖరుకు ఆధార్ కార్డు మీదిదే పెద్దగ చేయించినం. ఎప్పుడూ నవ్వే మనిషి, ఆ ఫొటోలో బెదిరినట్టు ఉన్నది. ఏడాది దాటినంక మా వదిన ఒడిబియ్యం పోసింది. పసుపు కలిపిన ఆ బియ్యం తెచ్చి వండి పదిమందిని పిలిచిన. నాకు మాత్రం ముద్ద దిగలే.

ఒడిబియ్యం బియ్యం కోసం కాదు. ఆడబిడ్డ తల్లిగారింటి గడప మళ్లీ తొక్కాలని, అవి వండిన నాడు ఇటు చుట్టాలు కూడా కలవాలని పెద్దోళ్లు పెట్టిన కట్టుబాటు. బతుకమ్మ కూడా అంతే. శివరాత్రికి మన వీరన్న జాతర, తండాల్లో తీజ్ పండుగ, అన్నీ మనుషులు కలుసుకోవడానికి పెట్టిన తారీఖులే. సంఘం సమావేశానికి తారీఖు లేకపోతే ఎవరైనా వస్తమా?

మన కురవి పేరుతో వెయ్యేండ్లు దాటిన తెలుగు శాసనం ఉన్నది. కొరవి శాసనం అంటారు. రాతి మీద చెక్కించుకున్నరు కాబట్టి ఆ రాజుల ముచ్చట ఇప్పటికీ సదువుతున్నరు. నాట్లేసి, కలుపు తీసి మనల్ని సాకిన అవ్వలకు శాసనం ఎవరు రాస్తారు? రాయి లేకున్నా మన చేతిలో పుస్తకం ఉంది.

అందుకే మూడు పనులు అడుగుతున్నాను.

ఒకటి. ప్రతి సంఘంలో ఒక నోటుబుక్కు పెట్టుకుందాం. ఒక్కో సభ్యురాలికి ఒక పేజీ. అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ పేర్లు, వాళ్ల ఊర్లు, చేసిన పని రాయాలి. వెట్టి చేసిన బాధలున్నా రాయాలి, దాచొద్దు.

రెండు. ఇంట్ల పెద్దమనిషి గొంతు ఫోన్లో రికార్డు చేయండి. సద్దుల బతుకమ్మకు మలీద ఎట్ల చేసేదో, పెండ్లినాడు బండి మీద ఎట్ల వచ్చిందో అడగండి. ఆ పని మనవండ్లకు, మనవరాండ్లకు చెప్పండి. హైదరాబాద్‌లో సదువుకునే పిల్లలకు అదే చుట్టరికం.

మూడు. ఒడిబియ్యానికో పండుగకో తల్లిగారింటికి పోయే చెల్లె ముందుగా పొదుపు కడితే, ఆ వారం జరిమానా వేయొద్దని తీర్మానం రాసుకుందాం.

భూమి పంచాయితీలతో అన్నదమ్ములతో మాటలు బందైనోళ్లు కూడా మనలో ఉన్నరు. హక్కు వదులుకొమ్మని నేను అనను. కానీ అమ్మ ఉన్నన్ని రోజులు ఆ గడప ఎక్కడం మాత్రం ఆపకండి.

ఇయ్యాల ఇంటికి పోయినంక అమ్మ ఉన్నోళ్లు అమ్మకు ఫోన్ చేయండి. లేనోళ్లు చిన్నమ్మకో మేనత్తకో చేయండి. మిరపకాయ ఏరుడు అయినంక అని మాత్రం అనకండి.