గురక ఆపరేషన్, రక్తనాళాల ఆరోగ్యం: ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు



మీలో చాలామంది రాత్రంతా మీ వారి మంచం పక్కనే చాప పరుచుకుని పడుకుని వచ్చినవారు. అందుకే ఈ రోజు నిద్ర గురించే మాట్లాడదామనుకున్నాను.

నేను నర్సుగా చేరిన కొత్తలో, రాత్రి డ్యూటీలో ఒక పెద్దాయన వార్డంతా వినబడేలా గురక పెట్టేవారు. మధ్యమధ్యలో గురక ఆగిపోయేది. "హమ్మయ్య, ఇప్పుడు హాయిగా పడుకున్నారు" అనేది ఆయన భార్య. నేనూ అలాగే అనుకుని, తెల్లవారి రిపోర్టులో "రాత్రి బాగా నిద్రపోయారు" అని రాశాను. నిజానికి ఆ నిశ్శబ్దంలో ఆయనకు ఊపిరే ఆడడం లేదు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత గాని అర్థం కాలేదు. ఆ పొరపాటు మీరు చేయకూడదని ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. కొందరిలో నాలుక వెనక్కి జారి, మెత్తని అంగిలి, కొండనాలుక కూడా కలిసి గాలి దారిని మూసేస్తాయి. ఛాతీ, పొట్ట ఎగసిపడుతూనే ఉంటాయి గాని గాలి లోపలికి పోదు. ఇలా 10 సెకన్లు లేక అంతకంటే ఎక్కువసేపు ఊపిరి ఆగితే దానిని ఆప్నియా అంటారు. ఊపిరి పూర్తిగా ఆగడం, బాగా తగ్గడం రెండూ కలిపి గంటకు 5 నుండి 15 సార్లు అయితే జబ్బు తక్కువగా ఉన్నట్టు, 15 నుండి 30 అయితే మధ్యస్థంగా ఉన్నట్టు, 30 దాటితే తీవ్రంగా ఉన్నట్టు లెక్క.

గొంతులో వచ్చిన ఈ ఇబ్బంది రక్తనాళాలకు ఎలా చేరుతుంది? ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు కంగారుపడి మనిషిని కొద్దిగా మేల్కొలుపుతుంది. గుండె వేగం, బి.పి. ఒక్కసారిగా పెరుగుతాయి. ఇది రాత్రికి వందలసార్లు జరగవచ్చు. దేవుడు మన రక్తనాళాల లోపల ఒకే కణం మందంతో ఒక పలుచని పొరను అమర్చాడు. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేసి నాళాన్ని మెత్తగా, వెడల్పుగా ఉంచుతుంది. ఈ సంగతిని కనుగొన్నందుకు ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆక్సిజన్ మాటిమాటికీ పడిపోతూ, లేస్తూ ఉంటే ఆ పొర దెబ్బతింటుంది. నాళాలు బిగుసుకుపోతాయి. మాత్రలు వేసుకుంటున్నా బి.పి. అదుపులోకి రాకపోవడానికి ఇది ఒక కారణం. గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా పెరుగుతుంది.

ఇక వైద్యం. బరువు తగ్గడం, మద్యం మానడం, పక్కకు తిరిగి పడుకోవడం మొదటి మెట్టు. తర్వాతది ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో దారి తెరిచి ఉంచే సీప్యాప్ మిషన్. దీనిని 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సల్లివాన్ పరిచయం చేశారు. మిషన్ ఏ విధంగానూ పడనివారికి, టాన్సిల్స్ బాగా పెద్దవిగా ఉన్నవారికి ఆపరేషన్ గురించి డాక్టరుగారు ఆలోచిస్తారు. అందులో టాన్సిల్స్ తీసి, అంగిలి చివర, కొండనాలుక సరిచేస్తారు. కొందరికి నాలుక మొదటిలో కూడా చేస్తారు.

ఆపరేషన్‌తో ఎంత మేలు? ఆస్ట్రేలియాలో మిషన్ వాడలేని 102 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. ఆపరేషన్ అయినవారిలో ఊపిరి ఆగడం గంటకు సగటున 48 నుండి 21కి తగ్గింది. మంచి మేలే గాని 21 అంటే జబ్బు ఇంకా మధ్యస్థంగా ఉన్నట్టే. ఆపరేషన్ బాగా పనిచేసినవారిలో చేతి ధమని తిరిగి చక్కగా వెడల్పవుతోందని కొన్ని చిన్న అధ్యయనాల్లో కనబడింది. అయితే ఆపరేషన్ ఒక్కదానితోనే గుండెపోటు రాకుండా పోతుందని ఇంకా రుజువు కాలేదు.

ఇక్కడే జాగ్రత్త కావాలి. గురక శబ్దం ఎక్కువగా అంగిలి, కొండనాలుక అదరడం వల్ల వస్తుంది. వాటిని సరిచేశాక శబ్దం తగ్గినా, ఊపిరి మాత్రం ఆగుతూనే ఉండవచ్చు. అప్పుడు మళ్లీ ఆ నిశ్శబ్దమే మనల్ని మోసం చేస్తుంది. కనుక ఇవి గుర్తుంచుకోండి.

1. ఏ ఆపరేషన్‌కైనా ముందు ఈ జబ్బు ఉన్నట్టు మత్తు డాక్టరుగారికి చెప్పండి. మిషన్ ఉంటే వెంట తీసుకురండి.

2. ఆపరేషన్ తర్వాత తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టండి. డాక్టరు రాయని నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు ఇవ్వకండి. మద్యం అసలే వద్దు.

3. రెండు వారాల లోపు నోటినుండి రక్తం వస్తే, ఎంత రాత్రయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

4. గురక తగ్గిందని బి.పి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.

5. డాక్టరుగారు చెప్పిన సమయానికి, మామూలుగా 3 నుండి 6 నెలల్లో, మళ్లీ నిద్ర పరీక్ష చేయించండి. ఖర్చు ఎందుకని మానకండి. ఆపరేషన్ పనిచేసిందో లేదో ఆ పరీక్షే చెబుతుంది.

6. బరువు పెరగనివ్వకండి. పెరిగితే జబ్బు తిరిగి రావచ్చు.

నిద్రపోయే మనిషికి తన ఊపిరి ఆగినట్టు తెలియదు. పక్కన ఉన్న మీకే తెలుస్తుంది. ఈ రాత్రి గురక ఆగినప్పుడు ఒక్క నిమిషం లేచి చూడండి. ఛాతీ కదులుతున్నా ముక్కు దగ్గర గాలి ఆడకపోతే, ఎంతసేపు ఆగిందో లెక్కపెట్టి, పొద్దున డాక్టరుగారికి చెప్పండి. మీరు చెప్పే ఆ ఒక్క మాట ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చు.

దేవుడు మీ కుటుంబాలను దీవించి, మీ వారికి మంచి నిద్రను, ఆరోగ్యాన్ని దయచేయును గాక.