అణు ప్రమాద సమయంలో ప్రజల రక్షణ



అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం సంభవిస్తే చుట్టుపక్కల ప్రజలు రేడియేషన్ బారిన పడకుండా ఎలా కాపాడుకోవాలి? ఇదే ఈనాటి మన పాఠ్యాంశం. దీనిని ఒక ఊరి ఉదాహరణతో తెలుసుకుందాం. ఆ ఊరు గుజరాత్‌లో సూరత్ పక్కనున్న సచిన్. అక్కడి బట్టల మిల్లులు, రంగుల అద్దకపు కర్మాగారాలు వేలాది వలస కార్మికులకు బతుకుతెరువు. తెలంగాణ జిల్లాల నుండి మగ్గం పనికి సూరత్ చేరిన కుటుంబాలు కూడా తరతరాలుగా ఆ ప్రాంతంలో ఉన్నాయి.

సచిన్‌కు ఈశాన్యంగా, గాలి దారిన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, తాపీ జిల్లాలోని వ్యారా సమీపాన కాక్రాపార్ అణు విద్యుత్ కేంద్రం ఉంది. అందులో 220 మెగావాట్ల రియాక్టర్లు రెండు, 700 మెగావాట్లవి రెండు ఉన్నాయి. 2016 మార్చి 11న మొదటి రియాక్టర్‌లో ఒక శీతలీకరణ గొట్టం చిట్లి భారజలం కారింది. రియాక్టర్ తనంతట తాను ఆగిపోయింది. కేంద్రం లోపల అత్యవసర స్థితి ప్రకటించారు. రేడియేషన్ పరిమితి దాటి బయటకు రాలేదు, ప్రజలను తరలించవలసిన అవసరం కలగలేదు. అయితే జపాన్‌లోని ఫుకుషిమా ప్రమాదం జరిగి ఆనాటికి సరిగ్గా ఐదేళ్లు. కనుక వార్త విన్నవారు కలత చెందడం సహజమే.

మూడు సూత్రాలు

రేడియేషన్‌కు రంగు, రుచి, వాసన లేవు. పరికరం చెబితే తప్ప మనకు తెలియదు. దాని నుండి రక్షణకు భౌతికశాస్త్రం మూడు మార్గాలు చెబుతుంది. అవి కాలం, దూరం, అడ్డు. రేడియేషన్ ఉన్నచోట గడిపే సమయం తగ్గితే శరీరానికి తగిలే మోతాదు తగ్గుతుంది. చిన్న మూలం నుండి రెట్టింపు దూరం జరిగితే మోతాదు నాలుగో వంతు అవుతుంది. ఇటుక గోడ, కాంక్రీటు కప్పు గామా కిరణాలను చాలావరకు అడ్డుకుంటాయి.

ప్రమాదంలో రేడియోధార్మిక పదార్థం మేఘంలా గాలిలో కదులుతుంది. అది దాటిపోయే గంటల్లో రోడ్డు మీద ఉన్నవాని కంటే పక్కా ఇంట్లో తలుపులు, కిటికీలు మూసుకుని, ఫ్యాన్లు, కూలర్లు ఆపి కూర్చున్నవాడు క్షేమం. బయటి నుండి వచ్చినవారు బట్టలు, చెప్పులు వాకిట్లోనే విడిచి సబ్బుతో స్నానం చేస్తే ఒంటి మీద పడిన ధూళి చాలావరకు పోతుంది.

మరి పరుగెత్తి పారిపోతే? 2011లో ఫుకుషిమా చుట్టూ 20 కిలోమీటర్ల వరకు ప్రజలను తరలించారు. ఆ హడావిడిలో ఆసుపత్రుల నుండి, వృద్ధాశ్రమాల నుండి బస్సుల్లో తరలించిన రోగులలో 50 మందికి పైగా దారిలోనో, ఆ తరువాత కొద్ది రోజులకో మరణించారు. వారి మరణాలకు కారణం రేడియేషన్ కాదు. వైద్యం, నీరు, వెచ్చదనం అందకపోవడం. తరలింపు అవసరమైనప్పుడు తప్పదు. కాని అది అధికారుల ఆదేశంపై, వాహనం, దారి, గమ్యం నిర్ణయించుకుని జరగాలి.

పాలు, మాత్రలు

మన దేశంలో అణు కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల పరిధికి అత్యవసర ప్రణాళిక ఉంటుంది. దాని అమలు బాధ్యత జిల్లా యంత్రాంగానిది. సచిన్ ఆ పరిధికి చాలా వెలుపల ఉంది. అలాంటప్పుడు సచిన్ వారు పట్టించుకోవలసింది ఏమిటి? మొదటిది గాలి. వర్షాకాలంలో అక్కడ గాలి నైరుతి నుండి వీస్తుంది, శీతాకాలంలో ఎక్కువగా ఈశాన్యం నుండి. కనుక దూరంతో పాటు ఋతువు కూడా లెక్కలోకి వస్తుంది.

రెండవది పాలు. సూరత్, తాపీ జిల్లాల పల్లెల నుండి సేకరించిన పాలే సూరత్ ఇళ్లకు చేరతాయి. రేడియోధార్మిక అయోడిన్-131 గడ్డి మీద పడి, ఆవు, గేదె పాలలోకి, అక్కడి నుండి పిల్లల థైరాయిడ్ గ్రంథిలోకి చేరుతుంది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తరువాత ఎన్నో పల్లెల్లో పిల్లలు ఆ పాలు తాగుతూనే ఉన్నారు. ఆనాటి పిల్లల్లో 2005 నాటికి 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు నమోదయ్యాయి. వాటిలో గణనీయమైన భాగానికి ఈ అయోడిన్ కారణమని శాస్త్రజ్ఞుల అంచనా. అయోడిన్-131 సగం తరిగిపోవడానికి ఎనిమిది రోజులు చాలు. అందుచేత కొన్ని వారాలు స్థానిక పాలు, ఆకుకూరలు మానితే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.

పొటాషియం అయోడైడ్ మాత్ర థైరాయిడ్‌ను ముందే మామూలు అయోడిన్‌తో నింపుతుంది. అధికారులు చెప్పినప్పుడే, చెప్పిన మోతాదులోనే వేసుకోవాలి. ఇతర రేడియోధార్మిక పదార్థాల మీద అది పనిచేయదు. అయోడిన్ ఉప్పు ఎక్కువ తింటే ఆ ఫలితం రాదు, ఆరోగ్యం చెడుతుంది.

మాట చేరడం

2022 జనవరి 6న సచిన్ పారిశ్రామిక వాడలో ట్యాంకర్ నుండి కాలువలోకి వదిలిన రసాయనం విషవాయువై ఆరుగురు కార్మికుల ప్రాణం తీసింది. పక్కనే విషవాయువు పుడితే గాలికి అడ్డంగా దూరం జరగాలి. రేడియోధార్మిక మేఘం వస్తుందంటే ఇంట్లోకి పోవాలి. ఏ ప్రమాదమో తెలియనివాడు సరైన పని చేయలేడు.

హెచ్చరిక గుజరాతీలోనో, హిందీలోనో వస్తుంది. రాత్రి పాళీ ముగించుకుని నిద్రపోతున్న తెలుగు కార్మికునికి అది అర్థం కావాలి కదా! అతని పిల్లలు బడిలో గుజరాతీ నేర్చుకుంటున్నారు. కనుక ఈ పని విద్యార్థులదే. లోపలికి రండి, తలుపులు మూయండి, రేడియో వినండి, స్థానిక పాలు ఆపండి, చెప్పినప్పుడే కదలండి. ఈ ఐదు మాటలను మీ ఇంటి భాషలో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. పక్కింటివారికి చదివి వినిపించండి.