ఉంగరాల జుట్టు - రాత్రి జాగ్రత్త



ఉంగరాల జుట్టు పిల్లకు తెల్లారితే ఏడుపే. చిక్కు తియ్యలేక తల్లికి విసుగు. బడికి ఆలస్యం. చివరికి కొందరు జుట్టే కత్తిరించేస్తారు. తప్పు పిల్లది కాదు, జుట్టుదీ కాదు.

తలలో ఊరే నూనె ఉంగరాల వెంట్రుక చివరిదాకా జారదు. చివర్లు ఎండిపోతాయి. రాత్రంతా నూలు దిండుకు రాసుకుని తెగిపోతాయి.

మరి ఏం చెయ్యాలి? తడి జుట్టును ముందు ఆరనివ్వాలి. చివర్లకు నాలుగు చుక్కల కొబ్బరినూనె రాయాలి. కింది నుంచి పైకి, వేళ్లతో మెల్లగా చిక్కు తియ్యాలి. జడ వదులుగా అల్లాలి. రోజూ బిగించి అల్లితే నుదుటి దగ్గర జుట్టు ఊడుతుంది. జరీ లేని పాత పట్టుచీర ముక్కను దిండుకు చుట్టాలి. పట్టు నున్నగా ఉంటుంది, రాపిడి తక్కువ.

పెద్ద ఖర్చు లేదు. ఈ రాత్రే మొదలుపెట్టండి. పిల్ల ఏడవకుండా బడికి పోతుంది.