మహమ్మారి రోజుల్లో విద్యార్థుల ఆరోగ్యం – ఇంట్లో పెద్దల బాధ్యత

(సంఘ సభ్యుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, మాస్టారినీ కాను. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, 1985లో మండలాలు వచ్చాక మండల ఆఫీసులో పనిచేసి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. ముప్పయ్యేళ్లకు పైగా ఫైళ్లు చూశాను గాని మనుషుల్ని చూడటం సరిగా నేర్చుకోలేదు. ఆ సంగతి 2020లో మా మనవడి వల్ల తెలిసింది. ఈ విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను చేసిన పొరపాటు చెప్పుకుంటే నలుగురికీ పనికొస్తుందనుకున్నాను.

మా అమ్మాయి హైదరాబాదులో స్టాఫ్ నర్సు. అల్లుడు గారిది క్యాంపుల ఉద్యోగం. 2020 మార్చిలో బడులు మూసేయగానే, తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లవాణ్ణి మా దగ్గర దింపి వెళ్లింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. పది రోజులకని వచ్చినవాడు ఏడాదికి పైగా మా ఇంట్లోనే ఉండిపోయాడు.

పదో తరగతి పాఠాలు సెల్‌ఫోనులో మొదలయ్యాయి. మాస్టారు పేరు పిలవగానే 'ప్రెజెంట్ సార్' అనేవాడు. పక్క గదిలోంచి ఆ మాట విని, హాజరు పడింది కదా, చదువు సాగుతోందని నేను పేపరు చదువుకునేవాణ్ణి. కొన్ని నెలలకు పిల్లవాడిలో మార్పు కనబడింది. అన్నం సగంలో లేచిపోవడం, తలనొప్పి, మాటకు ముందే విసుగు. సాయంత్రమైతే బ్యాటు పట్టుకుని పరుగెత్తే పిల్లవాడు వీధి గుమ్మం దాటడం మానేశాడు. అర్ధరాత్రి దాటినా దుప్పట్లో ఫోను వెలుగు కనిపించేది.

నేను ఆఫీసు పద్ధతిలోనే ఆర్డరు వేశాను. రాత్రి తొమ్మిది కొట్టగానే ఫోను నా బీరువాలోకి, తాళం నా మొలకి. "పసివాణ్ణి అంత కట్టడి చేయకండి" అని మా ఆవిడ చెప్పినా వినలేదు.

రెండు వారాలు గడిచాయి. ఒక రాత్రి మంచినీళ్ల కోసం లేస్తే, వాడు బీరువా ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. తాళం జోలికి పోలేదు, ఊరికే కూర్చున్నాడు. కేకలేయబోయాను. "తాతయ్యా, అమ్మకు నైట్ డ్యూటీ కదా. వాట్సాప్‌లో అమ్మ లాస్ట్ సీన్ చూసి పడుకునేవాణ్ణి. ఇప్పుడు అమ్మ బాగుందని నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

మిత్రులారా! బతికే ఉన్నామని మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. ఆ పసివాడు రోజూ రాత్రి తన తల్లి లైఫ్ సర్టిఫికెట్ చూసుకుని నిద్రపోతున్నాడు. నేను దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఫోను చేతిలో ఉంటే ఆటలే ఆడుతున్నాడనుకున్నాను గాని, ఎందుకురా అని ఒక్కసారీ అడగలేదు.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాం. మా అమ్మాయి డ్యూటీకి వెళ్లేముందు ఒకసారి, మధ్యలో వీలైనప్పుడు ఒకసారి వాడితో మాట్లాడేది. ఆ తరువాతే ఫోను పక్కన పెట్టడం. నేను 'ఏం చదివావు' అనే ముందు 'ఎలా ఉన్నావు' అని అడగడం నేర్చుకున్నాను.

రెండోది వ్యాయామం. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శరీర శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. ఒళ్లు అలిసేలా ఆడితే మనసు తేలికపడుతుంది, నిద్ర పడుతుంది. మాకు మైదానం లేదు, డాబా ఉంది. తాడాట, సూర్య నమస్కారాలు, మొక్కలకు బిందెలతో నీళ్లు మోయడం. వాడు ముందు, నేను నా బీపీతో నెమ్మదిగా వెనక. పొద్దుటి వెలుతురు ఒంటికి తగిలితే రాత్రి నిద్రవేళ కూడా గాడిన పడుతుంది. పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ల పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. ఒక జాగ్రత్త. జబ్బు పడి లేచిన పిల్లల్ని వెంటనే పరుగెత్తించకూడదు. డాక్టరు గారిని అడిగి కొద్దికొద్దిగా పెంచాలి.

మూడోది మన నోరు. 2021లో రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. బంధువులు 'పరీక్ష రాయకుండా పాసైన బ్యాచి' అని నవ్వారు. సరదాకే అన్నారు గాని, వాడు రెండు రోజులు గదిలోంచి రాలేదు. ఆ పిల్లలు పరీక్షను తప్పించుకోలేదు, పరీక్షే వాళ్లకు లేకుండా పోయింది.

నాలుగోది, మొహమాటం వదలడం. రెండు వారాలకు పైగా పిల్లలు దిగులుగా ఉన్నా, తిండి, నిద్ర, ఆట మీద మనసు పోయినా డాక్టరుకు చూపించాలి. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వింటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. మనసుకు వైద్యమంటే పిచ్చికి వైద్యమని మన తరం భయపడింది. ఆ భయం మనతోనే పోవాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ ప్రారంభించింది. 14416 నంబరుకు రాత్రీపగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ నంబరు మీ క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి.

కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఆ రోజుల్లో పిల్లలకు పట్టుకున్న అలవాట్లు, భయాలు ముగిశాయని మాత్రం ఎవరూ ప్రకటించరు. ఇంట్లో ఉన్న మనమే గమనించాలి. మనకు తీరిక ఉంది, పిల్లలు మన మాట వినే చనువూ ఉంది.

మా మనవడు ఇప్పుడు కాలేజీ హాస్టల్లో ఉన్నాడు. రోజూ రాత్రి పడుకునే ముందు నాకు ఒక్క ముక్క మెసేజి పెడతాడు: 'ప్రెజెంట్ తాతయ్యా'. అది చూశాకే నేను దీపం ఆర్పుతాను.